దీపం దించని పాతర

సహోదరులారా, సహోదరీలారా, వందనాలు తర్వాత చెబుతాను, ముందు ఒక అబద్ధం సంగతి తేల్చాలి!

మన సంఘాల్లో నా గురించి ఒక కథ తిరుగుతోంది. మదనపల్లెలో ఒక రకంగా చెబుతారు, కుప్పం చేరేసరికి ఇంకొంచెం పెరుగుతుంది. కరువు రాబోతోందని దేవుడు నాకు దర్శనంలో చెప్పాడట, నేను యోసేపు మాదిరి ధాన్యం దాచానట, నా భర్త పాతరలో పడిపోతే తెల్లని వస్త్రాలు వేసుకున్న దూత దిగివచ్చి ఆయనను పైకెత్తాడట, ఆ తర్వాత ఎంత పంచినా పాతరలో రాగులు తరగనే లేదట! నేను బతికుండగానే నా సాక్ష్యం నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇంతమంది ఉన్నారు. దర్శనం ఏమీ రాలేదు. రాగులు తరిగాయి, అడుగున పరిచిన గడ్డి కనిపించేదాకా తరిగాయి, ఆ గడ్డి దులిపింది నేనే. ఇక దూత అంటారా, తెల్లని వస్త్రాలు లేవు, మోకాళ్ల పైకి ఎగగట్టిన మాసిన పంచె ఉంది, చెవి వెనక సగం కాల్చిన బీడీ ఉంది, పేరు వెంకటరమణప్ప, మా ఎదురింటి మనిషి. అయినా ఇది దేవుడు చేసిన విడుదలే, దేవునికే మహిమ! ఆ మహిమకు మన అబద్ధాల సాయం అక్కరలేదు, అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నా చీకటి దినాలు పాతరతో మొదలు కాలేదు. నేను పుట్టింది కుప్పంలో. మా నాయన రాతి పని చేసేవాడు, ఆ పని ఆగిన నెలల్లో మా అమ్మ సంగటి కుండలో నీళ్లు పోసి అడుగు గీకేది, ఆ గరిటె కుండకు రాసుకునే చప్పుడు వింటూ మేం నలుగురు పిల్లలం గోడకు ఆనుకొని కూర్చునేవాళ్లం. ఆ చప్పుడు నా చెవిలోనుంచి పోలేదు. మదనపల్లెలో బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివినా పోలేదు, బాప్తిస్మం తీసుకున్నా పోలేదు, పుంగనూరు దగ్గరి పల్లెలో బడిపంతులును పెళ్లాడి మూడు పూటలా తింటున్నా పోలేదు. నేను ప్రార్థనలో ఏమి అడిగినా, ఆ అడుగున ఉండేది ఒక్కటే మాట: ప్రభువా, ఆ చప్పుడు నా బిడ్డ వినకూడదు.

అటువంటి నాకు పంతొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో కుప్పంలో జరిగిన కూటాల్లో ఒక బోధకుడు దొరికాడు. ఎక్కడినుంచి వచ్చాడో తెలియదు, మళ్లీ కనబడలేదు. రెండు వేలవ సంవత్సరం రాగానే కంప్యూటర్లకు లెక్క తప్పుతుంది, రైళ్లు నిలిచిపోతాయి, రేషన్ అంగళ్లు మూతపడతాయి, ప్రకటన గ్రంథంలోని నల్ల గుఱ్ఱం, అదే కరువు గుఱ్ఱం, త్రాసు పట్టినవాణ్ణి మోసుకొని బయలుదేరుతుంది, కాబట్టి విశ్వాసి ఇల్లు సిద్ధపడాలి అన్నాడు. పందిట్లో సగంమంది నవ్వారు. నేను నవ్వలేదు సహోదరులారా, నేను కాగితం తీసి రాసుకున్నాను! రాగులు, ఉప్పు, చింతపండు, ఉలవలు, అగ్గిపెట్టెలు, కిరసనాయిలు. రాస్తుంటే నా చేయి వణికింది, ఆ వణుకును నేను పరిశుద్ధాత్మ కదలిక అనుకున్నాను.

ఒకే అంగట్లో కొంటే తెలిసిపోతుందని మదనపల్లెలో కొంత, పుంగనూరు సంతలో కొంత కొన్నాను. అంగడాయన బస్తాలు చూసి, "ఏం మా, ఇంట్లో పెండ్లా?" అన్నాడు. "అవునప్పా, మా మరిది పెళ్లి" అన్నాను. నాకు మరిదే లేడు! రెండు నెలల తర్వాత ఇంకో అంగట్లో ఆ మరిదికి కొడుకు పుట్టాడని కూడా చెప్పాను. మా అత్త రత్నమ్మ, పలక పట్టని మనిషి, ఆ దినం బస్తాలు దించి నేను ప్రార్థనకు మోకరిస్తే వెనకనుంచి అంది: "అబద్ధం సెప్పి తెచ్చిన రాగులకు ప్రార్థన యాల మ్మే? ల్యాని మరిదిని పుట్టిస్తివి, పెండ్లి జేస్తివి, బిడ్డను గూడా ఇస్తివి. రేపు వాడొచ్చి సంగటి పెట్టమంటే ఏం జేస్తావు?"

పాతర అంటే ఎరగని చిన్నవాళ్ల కోసం చెబుతాను. నేలలో కుండ ఆకారంలో తవ్విన గొయ్యి, మూతి ఇరుకు, కడుపు వెడల్పు. లోపల గడ్డి పరిచి, రాగులు పోసి, మూతికి బండ వేసి, మట్టితో మెత్తితే ఏళ్ల తరబడి పురుగు పట్టదు. మా వాకిట్లో మా మామ కాలంనాటిది ఒకటి పాడుబడి ఉంటే దాన్ని బాగుచేయించి సగానికి పైగా నింపాను, బండ మీద కట్టెల మోపులు పేర్చాను. నా భర్త దేవదానం సాధువు. మా ఇంట్లో నాతో వాదించి గెలిచినవాళ్లు ఎవరూ లేరు. గొప్పకు చెప్పడం లేదు, అదే మా ఇంటికి పట్టిన రోగం.

జనవరి ఒకటో తేదీ తెల్లవారింది. పాలాయన సైకిలు గంట ఎప్పటి మాదిరే మోగింది, బల్బు వెలిగింది. మా ఆయన కాఫీ తాగుతూ, "ఏమే, నల్ల గుఱ్ఱం బస్సు తప్పిపోయినట్టుండాదే" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తేదీ తప్పింది గాని కరువు తప్పదు అనుకున్నాను, అప్పటినుంచి భయం ఇంకా ముదిరింది. పొద్దున లేచి మొదట కట్టెలు ఎవరైనా కదిపారేమో చూసేదాన్ని, ఆ తర్వాతే బైబిలు. వీధి పిల్లలు ఆ మోపుల మీద ఎక్కితే కసిరి దింపేదాన్ని. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో గమనించేదాన్ని. తిండి దాచుకున్నాక ధైర్యం రావాలి కదా? రాలేదు! అంతకుముందు ఆకలికి ఒక్కదానికే భయపడేదాన్ని, ఇప్పుడు మనుషులందరికీ భయపడ్డాను.

రెండేళ్లు గడిచాక నిజంగానే వానలు తప్పాయి. శనగకాయ తీగలోనే మాడింది, బోర్లలో గాలి వచ్చింది, ఇళ్లకు తాళాలు వేసి జనం బెంగళూరు రైలెక్కారు. చూశారా, నేను చెప్పలేదా అని లోలోపల సంతోషించాను. ఊరు ఎండిపోతుంటే నా మాట గెలిచిందని సంతోషించాను, దేవుడు నన్ను క్షమించును గాక!

ఒక మధ్యాహ్నం వెంకటరమణప్ప భార్య నాగమ్మ చేట పట్టుకొని వాకిట్లో నిలబడింది. "రెండు సేర్లు రాగులు బదులియ్యి మా, పంట రాంగానే కొలిచిస్తా" అంది. ఇది మా వైపు ఇంటింటికీ ఉండే వాడుకే, ఎవరూ కాదనరు. నేను, "మాకే లేవు నాగమ్మా" అన్నాను. నా వెనక పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. ఆమె చేట తిరగేసి చంకన పెట్టుకొని పోయింది.

ఎనిమిది దినాలకు మా ఇంట్లో బయట ఉంచుకున్న రాగులు అయిపోయాయి, పాతర తెరవాల్సి వచ్చింది. బిడ్డ సెలవులకు కుప్పంలో మా అమ్మ దగ్గర ఉంది. ఊరంతా చెరువులో పూడిక తీసే కరువు పనికి పోయిన పగటిపూట చూసి ఆయనా నేనూ కట్టెలు తీసి బండ జరిపాం. మా అత్త అడ్డం వచ్చింది.

"బండ తీసినాంక ఒక పగలూ ఒక రేయీ అట్లే ఇడిసిపెట్టాల మ్మే. ఆమీట దీపం దించి సూడాల. ఆరిపోతే మనిషి దిగకూడదు. మా కాలంలో ఆకూ వక్కా పెట్టి, కర్పూరం ఎలిగించి..."

"కర్పూరమా! విడిచి వచ్చిన చీకట్లోకి మళ్లీ పోదామా అత్తా? పాతరకు పూజ చేసే ఇల్లు కాదు ఇది!"

"కర్పూరం వొద్దులే తల్లీ, ఉత్త దీపమన్నా..."

"దీపమూ అన్యాచారమే" అన్నాను.

సహోదరులారా, ఈ మాట అన్నది ఎవరు? కాలేజీ ప్రయోగశాలలో గాజు జాడీలోకి మండే పుల్ల దించి, అది ఆరిపోతే లోపలున్నది ఊపిరికి పనికిరాని గాలి అని రాసి మార్కులు తెచ్చుకున్నదే! మా అత్త చెప్పింది అదే పరీక్ష. నాకు తెలుసు, ఎక్కడో తెలుసు. కాని ఒక పగలూ ఒక రాత్రీ పాతర నోరు తెరిచి పెడితే ఊరంతా చేటలతో వస్తుంది. అదీ అసలు సంగతి. నా భయానికి భక్తి చీర కట్టి నిలబెట్టాను.

ఆయన చేట పట్టుకొని దిగారు. "గాలి బరువుగా ఉండాదే" అన్నారు. ఒక చేట పైకి అందించారు. రెండో చేట రాలేదు. వంగి చూస్తే రాగుల మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నారు, కళ్లు తెరిచే ఉన్నాయి.

ఇప్పుడు రాసేది ఏ సంఘంలోనూ ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నేను ఎవరికీ చెప్పలేదు. నేను కేక వేయలేదు! కేక వేస్తే పాతర సంగతి బయటపడుతుందని ముందు వీధి వైపు చూశాను. ఒక్క క్షణమే, కాని నా భర్తా రాగులూ త్రాసులో తూగిన క్షణం అది. నల్ల గుఱ్ఱం ఎప్పుడో వచ్చిందని, అది నా వాకిట్లోనే ఉందని అప్పుడు తెలిసింది. కేక వేసింది మా అత్త.

ఆ దినం పూడిక పనిలో పార కాలికి తగిలి వెంకటరమణప్ప పెందలాడే ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చొని గుడ్డ కట్టుకుంటున్నాడట. ఒంటికాలి మీద గెంతుతూ వచ్చాడు. బండను చూశాడు, రాగుల చేటను చూశాడు, నన్ను చూశాడు.

"దీపం దించినారా?"

"లేదు."

"సదువుకున్నోళ్లు!" అన్నాడు, అంతే. "చేంతాడు తే మా, బిన్నా!"

గుండె నిండా గాలి పీల్చి బిగబట్టి దిగాడు. తాడు ఆయన చంకల కిందికి పోవడం లేదు. పైకి తల పెట్టి ఊపిరి తీసుకొని మళ్లీ మునిగాడు. నేను ఆ మూతి దగ్గర బోర్లా పడి అరిచాను: "ప్రభువా, రాగులన్నీ తీసుకో, ఆయన్ని ఇచ్చెయ్యి! ప్రభువా, నన్ను పడెయ్యి దీంట్లో, ఆయన్ని ఇచ్చెయ్యి!" అప్పటికి కూడా బేరమే చూడండి, దేవుడికి నా రాగులెందుకు? రెండోసారి ముడి పడింది. అతను పైకొచ్చి, అతనూ మా అత్తా నేనూ కలిసి లాగితే ఆయన శరీరం బయటపడింది. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. మా అత్త ఆ రాగుల చేటే దులిపేసి దాంతో విసరసాగింది. "ఏసయ్యా, నా బిడ్డ. ఏసయ్యా, నా బిడ్డ." ఆమె అన్నది అంతే, నా ప్రార్థనలో ఉన్న బేరం దాంట్లో లేదు. ఆయన దగ్గారు. ఊపిరి తిరిగింది. హల్లెలూయా! ఆ దగ్గు చప్పుడు వినగానే నా చెవిలో ఇన్నేళ్లుగా ఉన్న గరిటె చప్పుడు ఆగింది. ఇది నా సాక్ష్యం, దీనికి దూత అక్కరలేదు.

మర్నాడు చేట నింపుకొని నేనే నాగమ్మ వాకిట్లో నిలబడ్డాను.

"మీకే ల్యావంటివే మా?" అంది.

"అబద్ధం చెప్పాను నాగమ్మా."

"ఆ పొద్దే తెలుసు. నీ సంగటి వాసన మా ఇంటికొచ్చె." అని చేట అందుకుంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అని ఉంటే నాకు సులువుగా ఉండేది.

బండ మళ్లీ వేయలేదు. చేటలు వచ్చాయి, రాగులు పోయాయి. తర్వాత మేం ఏం తిన్నాం అంటారా? ఊరు తిన్నదే తిన్నాం. నేనూ చెరువులో తట్ట మోసి పని బియ్యం తెచ్చుకున్నాను, నాగమ్మ ఒకసారి ఉలవలు ఇచ్చింది, ఒక్క పూట కూడా పొయ్యి ఆరలేదు. దేవుడు ఆకాశంనుంచి ఏమీ కురిపించలేదు, ఎదురింటి తలుపు తెరిపించాడు. అబద్ధం చెప్పను, ఇప్పటికీ వాన ఆలస్యమైతే నా చేయి రాగుల డబ్బా మూత మీదికి పోతుంది. కాని ఇప్పుడు మూత తీసి చూసి, నాగమ్మ డబ్బాలో ఎంతుందో కూడా అడుగుతాను.

ప్రియులారా, దాచుకోవద్దని నేను చెప్పడం లేదు. యోసేపూ దాచాడు, కాని కరువులో కొట్ల తలుపులు తీశాడు, ఆ సంగతి నేను చదవకుండా దాటేశాను. దాచండి, ఎదురింటివాళ్లకు తెలిసేటట్టు దాచండి, దిగేముందు దీపం దించండి. భయపడుతున్న అక్కచెల్లెళ్లారా, నాలాగా మూత వేసుకొని కూర్చోకండి, ప్రభువు దగ్గరికి రండి, ఆయన నా వంటి మొండిదాన్నే విడిపించాడు, మిమ్మల్ని విడిపించలేడా! ఆయనకే స్తోత్రం!

ఇక ఒక్కటి మిగిలింది. ఆ దినం తాడు లాగేటప్పుడు వెంకటరమణప్ప కాలి గాయం మళ్లీ తెరుచుకుంది, నా రాగులు ఆ నెత్తుట్లో అంటుకొని ఉండడం నేను చూశాను. గాయం చెడింది, మదనపల్లె ఆసుపత్రిలో రెండు కాలివేళ్లు తీసేశారు. పార తగలకపోతే అతను ఇంట్లో ఉండేవాడా, అది దేవుని ఏర్పాటు అంటారు మా పాస్టరు గారు. అతన్ని అడిగితే, "పోనీలే మా, సెప్పు ఏసుకునేదానికి ఇంగా మూడుండాయి కదా" అని నవ్వుతాడు. నాకు నవ్వు రాదు. పాతర నాది, అబద్ధం నాది, వేయని కేక నాది. నా కాళ్లకు పది వేళ్లు ఉన్నాయి కదా ప్రభువా, వాటిలో ఒక్కటైనా ఎందుకు అడగలేదు?