కాల్వ దాటిన బంతి

మా ఎదురింటి ఫోర్‌మన్ సారు పోయారని మొన్న ఆషాఢంలో సూర్యాపేట బస్టాండులో ఉండగా ఫోన్ వచ్చింది. మిర్యాలగూడ దవాఖానలో, నిద్రలోనే పోయారట. నేరేడుచర్ల బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడవునా ట్రాక్టర్ల వెనక కొంగలు వాలుతున్నాయి. దూరం నుంచి ప్రతి కొంగా సారు కొట్టిన బంతిలాగే కనిపించింది.

సారు మఠంపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆయన పడుచుతనంలో అక్కడి ఆఫీసర్లు కాలనీ వెనక నేల చదును చేసుకుని గోల్ఫ్ ఆడేవాళ్లు, ఆదివారాలు ఈయనకూ నేర్పారు. వాళ్లలో ఒక పెద్దాయన బదిలీ మీద వెళ్తూ తన పాత కర్రలు ఐదు ఈయనకిచ్చి పోయాడు. తర్వాత షిఫ్టులు, సంసారం. కర్రలు ముప్పయ్యేళ్లు అటక మీదే ఉన్నాయి. రిటైరయ్యాక, మోకాళ్ల నొప్పులకు డాక్టరు నడవమంటే సారు వాటిని కిందికి దించారు.

"ఉత్తగ నడుసుడు నాతోని కాదు టీచరమ్మా" అన్నారు.

యాసంగి కోతలయ్యాక, కాల్వకు నీళ్లు వదిలేలోపే ఆయన ఆట. వాళ్ల ఇంటి వెనక మడిలో, కోసిన వరి కొయ్యకాళ్ల మధ్య, వాళ్లమ్మ బియ్యం కొలిచిన ఇనుప మానికను పాతారు. బంతి పడాల్సిన గుంత అదే. "మానికల బంతి పడ్డ సప్పుడు ఇంటే, మనిషి ఇంటికొచ్చినట్టు ఉంటది" అనేవారు. ఊళ్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కొన్నాళ్లకు, బంతి ఎక్కడ పడిందో చూసి చెప్పే ఉద్యోగంలో నేనే చేరాను. జీతం లేదు, గుప్పెడు మరమరాలు మాత్రం దొరికేవి. దుమ్ములో బంగారు రంగు ఎండ, తలమీంచి నిదానంగా పోయే తెల్లని చుక్క. ఆ సాయంత్రాలు మెలకువలో గడిచినట్టే లేవు.

వాళ్ల కొడుకు హైదరాబాదు నుంచి కొత్త ఇనుప కర్ర తెచ్చాడు. సారు ఒక్కసారి కొట్టి, "రేకుడబ్బ మోగినట్టున్నది" అని తిరిగి ఇచ్చేశారు. పాత పెద్ద కర్రకు తల చెక్కతో చేసింది. అది తునికి జాతి చెక్కని, మన బీడీ ఆకు చెట్టుకు చుట్టమని మురిసిపోయేవారు. దానికి అవిసె నూనె రుద్దేవారు, మెడ వదులైతే వలలు అల్లే దారం చుట్టేవారు. "కొట్టంగనే కట్టె చేతికి చెప్తది, కండ్లతోని సూసే పని లేదు" అనేవారు. వెంటనే నా వైపు తిరిగి, "నీ నౌకరి మాత్రం పోదు తియ్" అనేవారు.

ఆయనకు ఒక్కటే కోరిక. ఆ చెక్క కర్రతో కొట్టిన బంతి కాల్వ దాటి అవతలి మడిలో పడాలి. రెండు ఎండాకాలాలు కొట్టినా దాటలేదు. మొన్న ఎండాకాలం చివర్లో ఒక సాయంత్రం కొట్టినప్పుడు చప్పుడు వేరుగా వచ్చింది. ఎదురెండకు నా కళ్లు మూసుకుపోయాయి. చూడలేదని చెప్పడానికి నామోషీ అనిపించింది. పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పే పంతులమ్మనై ఉండి, "కాల్వలనే పడ్డట్టుంది సారూ" అన్నాను. ఆయన నా ముఖం కాసేపు చూశారు. "నువ్వు సూసినవంటే అంతే" అని కర్ర తుడుచుకున్నారు. ఎండిన కాల్వలో వెతికితే బంతి లేదు. అవతల కూడా చూద్దామని నేను అనలేదు. అదే ఆయన ఆఖరి ఆట.

పోయిన వారం ఆ అవతలి మడిలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నన్ను కేకేశారు. "టీచరమ్మా, గిది మీ సారుదే గదా?" బురద కడిగితే, గుర్తుకోసం ఆయన గోళ్ల రంగుతో పెట్టే ఎర్ర చుక్క కనిపించింది. ఎండకు పగిలిన నెర్రెలో పడి, ఇప్పుడు నీళ్లు పెట్టి దమ్ము చేస్తే పైకి వచ్చినట్టుంది. కాల్వ నిండుగా పారుతోంది. గట్టు మీద నిలబడి ఏడ్చాను.

బంతిని సారు భార్య చేతిలో పెట్టి, ఆ రోజు నేను చూడలేదని, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను.

"ఆయనకు ఎరుకనే అమ్మా" అందామె. "దాటింది, కట్టె చెప్పింది అన్నడు. టీచరమ్మ కండ్లల్ల ఎండ కొట్టింది, అడిగితే చిన్నబోతదని ఊకున్న అన్నడు."

ఆమె లోపలికి వెళ్లి, మడిలోంచి తీసి కడిగి పెట్టిన మానిక తెచ్చి, బంతిని అందులో వదిలింది. టక్కుమంది. ఇద్దరం తెలియకుండానే గుమ్మం వైపు చూశాం.