‘స్పష్టంగా’ అనే మాట

మొన్న ఒక పని మీద జనగామ వెళ్లి, బజారులో హోల్‌సేల్ కిరాణా దుకాణాల ముందు నుంచి నడుస్తుంటే ఇంగువ ఘాటు ముక్కుకు తగిలింది. వెనకాలే ఎండుమిర్చి. రెండూ కలిసి గొంతులోకి దిగేసరికి ఊపిరాడకుండా తుమ్ములొచ్చాయి. నా వెంట ఉన్న విద్యార్థులు నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ ఘాటుకు నా కళ్ల ముందు కదిలింది దుకాణాలు కాదు, హైదరాబాదులో మా కంప్యూటర్ ల్యాబ్. సోమవారం పొద్దున విమల మేడం తలుపు తోసుకుని లోపలికి వస్తే ఆ ఏసీ గది మొత్తం ఇదే వాసన వేసేది. శని, ఆదివారాలు జనగామలో పుట్టింట్లో ఉండి వచ్చేది ఆమె. వాళ్ల నాన్నది బజారులో పెద్ద కిరాణా దుకాణం, ఇల్లు దాని మీదే. చీర ఎంత మంచిదైనా, సెంటు ఎంత కొట్టుకున్నా దుకాణం ఆమెను వదిలేది కాదు. ఆమెకూ వదిలించుకోవాలని ఉండేది కాదనుకుంటాను.

ఆమె మా యూనివర్సిటీలో కంప్యూటర్, సమాచార శాస్త్రాల స్కూల్‌లో ప్రొఫెసరు. అక్కడ డిపార్టుమెంట్లు కొన్నింటిని కలిపి ‘స్కూల్’ అంటారు. ఈ ఒక్క మాట నన్ను తండాలో ఎంత బద్నాం చేసిందో చెప్పలేను. మాది నర్సింహులపేట దగ్గర లంబాడీ తండా. ఎంటెక్ చదివిన పిల్ల పీహెచ్‌డీకి మళ్లీ స్కూల్‌లో చేరిందంటే, పాపం ఎన్నో తరగతిలో ఫెయిలైందోనని మా వాళ్లు జాలిపడ్డారు. మా యాడి, అంటే మా అమ్మ, చాలా రోజులు ఆ మాట ఎవరి ముందూ ఎత్తలేదు. పట్నంలో కంప్యూటర్ల పని చేస్తోందని చెప్పి ఊరుకునేది.

స్కూల్‌లో చేరిన కొత్తలో నేను నోరు విప్పేదాన్ని కాదు. ఇంట్లో మా లంబాడీల గోర్‌బోలి, బడిలో మా ప్రాంతపు తెలుగు, పరీక్షల్లో పుస్తకాల తెలుగు, ఇక్కడికొస్తే ఇంగ్లీషు. ఏది ఎక్కడ బయటపడుతుందోనని భయం. మొదటి సెమినార్‌లో నా వంతు వచ్చినప్పుడు సగం వాక్యం దగ్గర ఇంగ్లీషు ఆగిపోయింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. విమల మేడం వెనక్కి కూడా తిరగకుండా, “ఆగినకాడి నుంచి తెలుగుల చెప్పు లలితా, నాకైతే సమజైతది. కానోళ్లు నేర్చుకుంటరు” అంది. ఆవిడ ఇంగ్లీషులో పాఠం నీళ్లు తాగినంత తేలికగా చెప్పేది, తిట్టడం మాత్రం జనగామ తెలుగులోనే. ఆ తిట్లు తినడానికి నేను ఆవిడ దగ్గరే పరిశోధనకు చేరాను.

అందరు గురువుల్లా ఆమె శాంతమూర్తి అని రాస్తే అబద్ధమవుతుంది. మహా మొండి. పవర్‌పాయింట్ అంటే పడదు, తెర మీద రంగుల బొమ్మలు కనిపిస్తే లేచి లైటు వేసేసేది. ఆలస్యంగా వచ్చినవాడి కోసం చెప్పింది మళ్లీ చెప్పేది కాదు. అన్నింటికంటే వింత అలవాటు ఇంకొకటి. ప్రోగ్రాం పనిచేయకపోతే ఆమె నిశ్చింతగా ఉండేది. మొదటిసారే చక్కగా పనిచేసిందని సంబరంగా వెళ్లి చెప్తే మాత్రం మొహం మారిపోయేది. “గింత మంచిగ ఎట్ల వచ్చింది? జర అనుమానపడు” అనేది. మంచి ఫలితం తెచ్చినవాణ్ణి దొంగను చూసినట్టు చూస్తుందని మేము వెనకాల నవ్వుకునేవాళ్లం.

నా పరిశోధన మాటను గుర్తుపట్టే ప్రోగ్రాం మీద. రైతు ఫోన్ చేసి పంటకు వచ్చిన తెగులు గురించి నోటితో చెప్తే మిషన్ విని, ఏ మందు కొట్టాలో జవాబు చెప్పాలి. ముందుగా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో నడిపి చూద్దామనుకున్నాం. మిషన్‌కు నేర్పాలంటే మనుషుల గొంతులు కావాలి. అందుకని నేను లింగాల ఘనపూర్, నర్సింహులపేట, టేకుమట్ల తిరిగి, అడిగి ఒప్పించి, రైతుల మాటలు రికార్డు చేశాను. ప్రతి ఒక్కరికీ ఒకే సూచన చదివి వినిపించేదాన్ని: “మీ పంట గురించి, దానికి వచ్చిన తెగులు గురించి స్పష్టంగా చెప్పండి.” ఆ వాక్యం మేడం రాసిచ్చిందే. ఎండల్లో తిరిగి కాళ్లు బొబ్బలెక్కాయి గాని, ల్యాబ్‌కు తెచ్చి మిషన్‌కు నేర్పితే అది తడబడకుండా మాటలన్నీ పట్టేసింది. ఇక రాసుకోవడమే మిగిలింది. ఎండాకాలం ముగిసేలోగా థీసిస్ ఇవ్వకపోతే నా గడువు తీరిపోతుంది. గడువు తీరితే ఇన్నేళ్ల చదువూ గాలికి పోయినట్టే.

మేడం ఫలితాలు చూసింది. నేను ఊహించినట్టే మొహం ముడుచుకుంది. టేకుమట్ల పోయి అక్కడి నుంచి ఫోన్ చేయిద్దాం పద అంది. నేను గొణుక్కుంటూ కారెక్కాను.

టేకుమట్లలో నేను ముందు రికార్డు చేసిన మల్లయ్య తాత ఇంటికే వెళ్లాం. పత్తి రైతు. ఆయనకు ఫోన్ ఇచ్చి పత్తి గురించి అడగమంటే, తలపాగా సర్దుకుని, గొంతు సవరించుకుని, “నమస్కారము. నేను పత్తి పంటను వేసినాను. కాయలోపల గులాబీ రంగు పురుగు వచ్చినది” అన్నాడు. మిషన్ ఠక్కున జవాబు చెప్పింది. నేను మేడం వైపు గర్వంగా చూశాను. తాత ఫోన్ నా చేతిలో పెట్టి, ఇంట్లోకి తిరిగి వేరే గొంతుతో కేకేశాడు: “అగో, చాయ పెట్టినవా లేదా? గీళ్లు ఎండల వడి వచ్చిన్రు.”

మేడం లేచి నిలబడింది. పక్కింటావిడను పిలిచి, ఏ సూచనా చెప్పకుండా ఫోన్ ఇచ్చి, తోచింది అడగమంది. ఆవిడ వరి గురించి ఇంట్లో మాట్లాడినట్టే అడిగింది. మిషన్ ఒక్క ముక్క పట్టలేదు. “దయచేసి స్పష్టంగా మాట్లాడండి” అంది. ఇంకొకరు అడిగారు, అదే జవాబు. మూడో మనిషికి కోపం వచ్చి ఫోన్ పెట్టేశాడు. అప్పుడు మేడం తాత పక్కన అరుగు మీద కూర్చుని, ఇందాక చాయ కోసం కేకేసినట్టు ఫోన్లో ఎందుకు మాట్లాడలేదని అడిగింది.

“స్పష్టంగ మాట్లాడుమన్నరు గదమ్మా,” అన్నాడాయన, ఇందులో అడగడానికేముందన్నట్టు. “మా మాట స్పష్టం ఎట్లయితది?”

నాకప్పుడు అర్థమైంది. సినిమాల్లో దొంగో, తాగుబోతో, అందరినీ నవ్వించేవాడో మాట్లాడే మాట తమదని ఏళ్ల తరబడి చూసినవాళ్లు వీళ్లు. స్పష్టంగా అన్న మాట వినగానే నీ మాట పక్కన పెట్టి మాట్లాడమని అర్థం చేసుకున్నారు. రేడియోలో, టీవీలో విన్న తెలుగు తెచ్చి మాకు మర్యాదగా అప్పజెప్పారు. నేను మూడు జిల్లాలు తిరిగి పోగు చేసుకొచ్చింది ఎవరి ఇంట్లోనూ ఎవరూ మాట్లాడని తెలుగు.

తిరుగుదారిలో మేడం, తాను ఉద్యోగంలో చేరిన కొత్తలో ‘వస్తున్నాను’ అనకుండా ‘వస్తున్న’ అన్నందుకు క్లాసు క్లాసంతా నవ్విందని, ఆ రోజు నుంచి తన మాట మార్చకూడదని పట్టుబట్టిందని చెప్పింది. “గంత పట్టుబట్టిన దాన్ని, కాయితం మీద పెన్ను పెట్టంగనే స్పష్టంగా అని రాసిన. గా మాట రాసింది నేనే, లలితా.” ఆ వెంటనే రికార్డింగులన్నీ తీసేసి మళ్లీ మొదలుపెట్టాలంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు ఆమెది, గడువు నాది. ఉన్న ఫలితాలతోనే థీసిస్ ఇస్తాను, పరీక్షించే పెద్దలెవరూ టేకుమట్ల వచ్చి ఫోన్ చేయరు అన్నాను. “నీ థీసిస్ నీ ఇష్టం. గా ఫలితాల కింద నా సంతకం ఉండది” అంది. మర్నాడే బట్టలు సర్దుకుని తండాకు వెళ్లిపోయాను. ఆ కోపం తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు. ఎవరికైనా వస్తుంది.

తండాలో నా మొహం చూడగానే నా పని ఎక్కడో చెడిందని యాడికి అర్థమైంది. నన్ను సంతోషపెట్టాలనుకుందో ఏమో, ఆ సాయంత్రం నేను తయారు చేసిన మిషన్‌తో తానూ మాట్లాడతానంది. నెంబరు కలిపి ఇచ్చాను. మా మిర్చి చేను గురించి అడిగింది. యాడి తెలుగు మా చుట్టుపక్కల ఊళ్ల తెలుగే, అందులో మా గోర్‌బోలి యాస కలిసి ఉంటుంది. దయచేసి స్పష్టంగా మాట్లాడండి అంది మిషన్. యాడి నిటారుగా కూర్చుని మళ్లీ అడిగింది. మళ్లీ అదే మాట. ఈసారి లేచి నిలబడి, కొంగు సర్దుకుని, ఎవరో ఆఫీసరు ముందు ఉన్నట్టు, తనకు రాని పెద్ద పెద్ద మాటలు వెతుక్కుంటూ అడిగింది. మిషన్‌కు అదీ అర్థం కాలేదు. ఫోన్ నాకిచ్చేసి, మా భాషలో నాకు ధైర్యం చెప్పింది. నువ్వు బాగానే తయారు చేశావు, దాని తప్పేమీ లేదు, నా మాటే బాగాలేదు అంది.

నేను చేసిన వస్తువు మా అమ్మ చేత ఆమె మాట బాగాలేదని ఒప్పించింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. మర్నాడు మొదటి బస్సుకే హైదరాబాదు బయలుదేరాను.

మళ్లీ మొదటి నుంచి రికార్డు చేద్దామన్నాను మేడంతో. ఆవిడ నన్ను వెంటబెట్టుకుని గడువు పొడిగించే కమిటీ ముందుకు నడిచింది. తన తోటి ప్రొఫెసర్లు, అందులో ఆమె మొండితనం పడనివాళ్లు కూడా, వరసగా కూర్చుని ఉన్నారు. విద్యార్థి వైపు నుంచి ఆలస్యం లేదని, తాను రాసిన సూచనలోనే తప్పు ఉందని, దానివల్ల సేకరించిన మాటలు పనికిరాకుండా పోయాయని చెప్పింది. ఒకాయన, జనాన్నే కాస్త శుద్ధంగా మాట్లాడమంటే సరిపోయేది కదా మేడం అన్నాడు. “మనం మిషన్‌కు నేర్పుతున్నం సార్, జనానికి కాదు,” అంది. కాసేపు వాదన జరిగింది. చివరికి గడువు ఇచ్చారు.

ఈసారి నా వెంట మేడం కూడా వచ్చింది. సూచనల కాయితం లేదు. రికార్డవుతోందని ముందే చెప్పి, సరేనన్నాక, ఫోన్ పక్కన పెట్టి ముచ్చట్లకు దిగేది. “ఏం కూర వండిన్రక్కా?” దగ్గర మొదలై, కూతురి కాన్పు మీదుగా, దవాఖాన మీదుగా తిరిగి తిరిగి పంట దగ్గరకు వచ్చేది. ఎదుటివాళ్లు ఫోన్ సంగతే మర్చిపోయేవాళ్లు. దుకాణంలో గల్లా దగ్గర కూర్చుని పెరిగిన మనిషి, ఎవరితోనైనా మాట కలపడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. మా తండాలోనూ కూర్చుంది. జొన్నబాటి, అంటే మా జొన్నరొట్టె, తింటూ యాడితో ఆమె ఆడిన ముచ్చట్లు వింటుంటే, వీళ్లిద్దరూ నన్ను వదిలేసి చుట్టాలైపోతారేమో అనిపించింది. ఆ రికార్డింగులతో మిషన్ మొదట్లో ఘోరంగా తడబడింది. మేడం ఎంతో సంతోషించింది.

అది కొంచెం కొంచెంగా నేర్చుకుంది. ఆఖరున మేడం ఇంకొక మార్పు చేయించింది. అర్థం కానప్పుడు మిషన్ చెప్పే మాట తీయించేసి, కొత్తది తన గొంతుతోనే రికార్డు చేసింది.

మళ్లీ తండాకు వెళ్లాం. యాడికి ఫోన్ కలిపి ఇచ్చాను. మిర్చి ఆకులు ముడుచుకుంటున్నాయని, ఏం మందు కొట్టాలని తన తీరులో తాను అడిగింది. మధ్యలో ఒక మాట మా భాషలో దొర్లింది. మిషన్ ఆగింది.

“నాకు సమజ్ కాలేదు. నేను ఇంక నేర్చుకుంటున్న. జర మళ్ల చెప్పుండ్రి” అంది ఫోన్, మేడం గొంతుతో.

యాడి ఈసారి నిటారుగా కూర్చోలేదు. కొంగు సర్దుకోలేదు. గోడకు ఆనుకుని, చిన్నపిల్లతో మాట్లాడినట్టు, “పర్వలేదు బిడ్డా, పరేషాన్ గాకు. మళ్ల చెప్త ఇను,” అని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. మిషన్ విన్నది. జవాబు చెప్పింది. మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. కాసేపటికి తేరుకుని నా వీపు మీద ఒక్కటి చరిచి, ఇక పోయి థీసిస్ రాసుకో అంది.

మేడం పోయి కొన్నేళ్లయింది. నేనిప్పుడు అదే స్కూల్‌లో పాఠాలు చెప్తున్నాను. ప్రతి సంవత్సరం ఏదో ఒక ఊరి నుంచి, ఏదో ఒక తండా నుంచి వచ్చిన పిల్లో పిల్లవాడో నా ముందు నిలబడి సగం వాక్యం దగ్గర ఆగిపోతారు. గదిలో అందరూ చూస్తుంటారు. వాళ్లకు నేను స్పష్టంగా చెప్పు అనను. నాకు సమజ్ కాలేదు, నేనింకా నేర్చుకుంటున్నాను, జర మళ్లీ చెప్పు అంటాను. అప్పుడు వాళ్లే నా మీద జాలిపడి, ఓపికగా, తమ మాటలో మొదటి నుంచి చెప్తారు.