జరగని గ్రామసభకు సంతకాలు

బీఏ పొలిటికల్ సైన్సు రెండో ఏడాది పూర్తవగానే వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసి తీరాలన్నారు కాలేజీవాళ్లు. ఎక్కడ చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మామిడి రైతు బసవపున్నారావు కూతురు సింధూర నూజివీడులో ఎక్కని మెట్టు లేదు. ఒక ఆఫీసులో "బీఏనా? నీకిక్కడేం పనుంటుందమ్మా?" అన్నారు. లాయరుగారు లా చదివేవాళ్లే కావాలన్నారు. హనుమాన్ జంక్షన్‌లోని సర్వే కంపెనీవాళ్లు బండి లేదనగానే ఫోన్ పెట్టేశారు. తోటి పిల్లలు తెలిసినవాళ్ల చేత సర్టిఫికెట్లు రాయించుకుని ఇంట్లో కూర్చున్నారు. సింధూరకు అది మనస్కరించలేదు. చివరికి సొంతూరి పంచాయతీ కార్యదర్శి రవికిరణ్ రమ్మన్నాడు.

పుస్తకంలోని స్థానిక స్వపరిపాలన కళ్లారా చూడొచ్చని సంబరపడింది. చూసిందల్లా ఇంటి పన్ను రసీదులు, ఫొటోల అప్‌లోడు, ఓటీపీల కోసం ముసలివాళ్లను బతిమాలడం. అందుకే గ్రామసభ అనగానే ప్రాణం లేచొచ్చింది. ఇంటింటికీ తిరిగి పిలిచింది. కానీ కాయ కోతల కాలం, ఊరంతా తోటల్లోనే ఉంది. వచ్చిన నలుగురూ టీ తాగి లేచిపోయారు.

రవికిరణ్ ఆమె చేతిలో కాగితాలు పెట్టాడు. "ఇళ్లకెళ్లి సభకొచ్చినట్టు సంతకాలు పెట్టించుకురామ్మా. సాయంత్రంలోగా రిపోర్టు పైకి పంపాలి."

మొదటి ఇల్లు బుజ్జమ్మది. చేతికంటిన మామిడి సొన తుడుచుకుంటూ పెన్ను అందుకుంది.

"సభ ఎప్పుడైందే?"

"పొద్దున, పిన్నీ."

"మా వీధి మురిక్కాలవ సంగతి మాట్లాడారా?"

సింధూర కాగితాల్లోకి తల దించుకుంది. "సరేలే, ఎక్కడ పెట్టమంటావ్?" అంది బుజ్జమ్మ. ఆ 'సరేలే'కే సింధూరకు ఒళ్లు మండింది. సంతకం పెట్టనివ్వకుండానే కాగితాలు తీసుకుని పంచాయతీ ఆఫీసుకు వచ్చేసింది.

"నావల్ల కాదు సార్. ఇది తప్పండి. మా పుస్తకంలో..."

"పుస్తకం గురించి నాకు చెప్పకు," రవికిరణ్ కసిరాడు. "నేనూ పొలిటికల్ సైన్సులో ఎంఏ చేసినవాణ్ణే. గ్రామసభ మీదే ప్రాజెక్టు రాశాను. రిపోర్టు వెళ్లకపోతే మెమో వచ్చేది నాకు, నీకు కాదు."

"కోతలయ్యాక పెట్టండి సార్. జనం వస్తారు."

"అప్పటిదాకా ఎవరాగుతారమ్మా?" కాగితాలు లాక్కుని తనే బయల్దేరాడు.

ఆఖరి రోజున 'చక్కగా పనిచేసింది' అని సర్టిఫికెట్ ఇచ్చాడు. తిట్టినా బాగుండేదనిపించింది సింధూరకు. జరిగిందంతా కాలేజీ రిపోర్టులో రాసేసింది. లెక్చరర్ దయామణి చదివి రిపోర్టు మూసింది.

"అంతా నిజమే. కానీ ఇది బయటికెళ్తే పోయేది అతని ఉద్యోగం ఒక్కటే. ఆలోచించుకో."

సింధూర ఆ పేజీ తీసేసింది. మంచి మార్కులే వచ్చాయి.

మార్కులొచ్చిన సాయంత్రం తోటలో ఆఖరి కోత కాయలు గ్రేడు చేస్తూ నాన్న అడిగాడు. "ఇంతకీ ఈ చదువుకి ఏ ఉద్యోగం వస్తుందమ్మా?"

"పంచాయతీ సెక్రటరీ," అంది విసురుగా.

"మంచిదేగా!" నాన్న ముఖం వెలిగిపోయింది.

సింధూర చేతిలోని కాయను ట్రేలోకి విసిరికొట్టింది.