ఫ్లాపీలు తిరిగిన దారిలో పాశమైలారం దాకా

పటాన్‌చెరుకు సరదాగా వెళ్ళేవాళ్ళను నేనింతవరకు చూడలేదు. నేనూ సరదాకు వెళ్ళలేదు. మా యూనివర్సిటీలో పాత యంత్రాలకు ఒక గది కేటాయించారు. టైప్‌రైటర్లు, టెలిఫోన్లు అన్నీ ఉన్నాయి కానీ, ఈ ప్రాంతంలోని యూనివర్సిటీలనూ పరిశోధన సంస్థలనూ తొలిసారి కలిపిన మా కంప్యూటర్ నెట్‌వర్క్‌ది ఒక్క తీగముక్క కూడా లేదు. వయసంతా అందులో పోసిన మేము అసలు లేనట్టే! ఆ ఉక్రోషంలో ఉండగా అన్వర్ భాయ్ ఫోన్ చేశారు. పటాన్‌చెరు దగ్గరి ఒక చిన్న పరిశోధన సంస్థలో, మా లైనుకు అవతలి కొసన పనిచేసిన మనిషి ఆయన. "మేడమ్, మా స్టోర్ రూమ్ ఖాళీ చేస్తున్నరు. మన మోడెమ్ అండ్లనే ఉంది. జల్దీ రాండ్రి," అన్నారు. టెలిఫోన్ తీగ మీద రెండు కంప్యూటర్లను మాట్లాడించిన పెట్టె అది. లైను కలిసినప్పుడల్లా కీచుమని కూసేది.

ఉదయం ఏడున్నరకు యూనివర్సిటీ గేటు దగ్గర బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టే, సీటు మాత్రం ఎవరి అదృష్టం వాళ్ళది. మియాపూర్ దాకా నిలబడేసరికి మోకాళ్ళు మొరాయించాయి. ఈ దారి నాకు కొత్త కాదు. అప్పట్లో వాన పడితే మా లైను పడుకునేది. అప్పుడు అన్వర్ భాయ్ శాస్త్రవేత్తల మెయిళ్ళన్నీ ఫ్లాపీలోకి ఎక్కించి, కవర్లో చుట్టి, పటాన్‌చెరులో బస్సు కండక్టర్ చేతికిచ్చేవారు. నేను గేటు దగ్గర గొడుగుతో నిలబడి అందుకునేదాన్ని. వాచ్‌మన్ గది ఫోన్లోంచి "ముట్టింది" అని చెప్పాకే అక్కడ అన్వర్ భాయ్ ఆఫీసు నుంచి ఇంటికి కదిలేవారు. మెయిలు ఎలా వచ్చిందని ఏ ప్రొఫెసరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

పదింటికి దిగేసరికి అన్వర్ భాయ్ మొహం వేలాడేసుకుని బస్టాండులో నిలబడి ఉన్నారు. "లారీ పొద్దుగాల్నే వచ్చిపోయింది మేడమ్. తుక్కు మొత్తం పాశమైలారం పోయిందట."

అప్పటికే నాకు ఓపిక లేదు. అయినా ఇస్నాపూర్ మీదుగా ఆ ఫ్యాక్టరీల ఊరికి ఆటోలో పడ్డాం. ముందూ వెనకా ట్యాంకర్లు, ముక్కు పగిలే మందుల వాసన. తుక్కు దుకాణంలో బాలమణి అనే ఆవిడ నేల మీద కూర్చుని తీగలు వేరు చేస్తోంది. మా పెట్టె ఆమె పక్కనే ఉంది, మూత ఊడి.

"గీ డబ్బ కోసమా అమ్మా గింత దూరం వచ్చింది?" అంది. "లోపలిదంత పీకేసినం. ఉత్త డొక్కనే ఉన్నది. తీస్కపోండ్రి."

అన్వర్ భాయ్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని రుమాలుతో తుడిచారు. "ఒక్కసారి దాని కూత ఇందామనుకున్న," అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

రోడ్డు పక్కన, బిహార్ కార్మికుల కోసం నడిపే హోటల్లో రొట్టెలు, ఆలుగడ్డ కూర తిన్నాం. ఎనభై రూపాయలకు కడుపు నిండింది. పటాన్‌చెరులో తిరుగు బస్సెక్కి ముందు సీట్లో కూలబడ్డాను. కిందనున్న అన్వర్ భాయ్ డొక్కను కవర్లో చుట్టి కండక్టరమ్మకు అందిస్తూ, ఏదో ధ్యాసలో అనేశారు: "యూనివర్సిటీ గేటు కాడ మేడమ్ నిలబడి ఉంటది. ఆమె చేతికే ఇయ్యమ్మా."

ఆమె నన్ను చూసి, ఆయన్ను చూసి, "ఏంది సార్, మేడమ్ ఈడనే కూసుంది కద!" అని నవ్వింది. ఆయన నాలుక కరుచుకున్నారు.

ఈ దారిన వెళ్ళేవారికి ఒక్క మాట. పాశమైలారానికి ఆటోను రానూపోనూ మాట్లాడుకోండి. లేకపోతే మాలాగే ఫ్యాక్టరీ షిఫ్టు వదిలి ఆటోలు వచ్చేదాకా ఎండలో నిలబడాలి. అంత తిరిగి నేను తెచ్చింది కూయని పెట్టెనే. కానీ మా నెట్‌వర్క్‌ను నడిపింది తీగలు మాత్రమే కాదు, బస్సులూ కండక్టర్లూ కూడా. ఆ సంగతి ఈ డొక్క పక్కన రాయించాలి. పాత యంత్రాల గది మూసే వేళకు చేరాను, టైప్‌రైటర్ పక్కన చోటిచ్చారు. గేటు దగ్గరికొచ్చి ఫోన్ చేశాను.

"ముట్టింది, అన్వర్ భాయ్."

అవతల బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. ఆయనింకా పటాన్‌చెరు బస్టాండులోనే ఉన్నారు.

"మంచిది మేడమ్," అన్నారు. "ఇగ ఇంటికి పోత."