గాలిలో తిప్పిన స్టీరింగ్

ఆ రోజు ఉదయం మైపాడు రోడ్డు మలుపులో నా కారు ఎడమకు తిరగనంది. రొయ్యల గుంటల్లో ఏరేటర్లు తెల్లటి నురుగు చిమ్ముతున్నాయి. ఆ తుంపరలో ఎండ పడి రోడ్డంతా తేలిపోతున్నట్టుంది. స్టీరింగ్ ఎడమకు తిప్పితే సగం దూరం వచ్చి ఆగిపోయింది. కుడి భుజంలో సూది కదిలినట్టనిపించింది గాని దాన్ని పట్టించుకోలేదు. బ్రేకు వేసి, దిగి, ముందు చక్రాల వైపు కోపంగా చూశాను.

చక్రాల మీద అనుమానం రావడానికి కారణం ఉంది. నేను ఇందుకూరుపేటలో కార్ల మెకానిక్‌ని. ఏడో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరం వదిలించుకున్నాం. ఇద్దరమూ సుఖంగానే ఉన్నాం. నాకంటూ ఒక చిన్న కారు ఉంది. కొన్ననాటి నుంచి దాన్లో ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను. ఏసీ పోయింది, వెనక సీటు పోయింది. ఆ ఉదయానికి వారం ముందే పవర్ స్టీరింగ్ కూడా తీసేశాను. పంపు, బెల్టు, ఆయిల్ గొట్టాలు విప్పేసి, పాత మోడల్లో వచ్చే, చేతి బలంతోనే చక్రాలను తిప్పే మామూలు ర్యాక్ బిగించాను. పవర్ ఉంటే చక్రం కింద ఏముందో చేతికి సరిగా తెలియదు. అది లేకపోతే ఇసక, తడి తారు, చిన్న రాయి, అన్నీ అరచేతిలోకి వస్తాయి. సముద్రం పక్కన రోడ్డును నిమురుకుంటూ పోవాలని నా కోరిక.

"ఇంగ ఇంజిను గూడా తీసెయ్యయ్యా. కారును నెత్తిన పెట్టుకొని పోదాం" అంది నా భార్య కరుణ.

స్టీరింగ్ బరువెక్కింది కాబట్టి తప్పు నా బిగింపులోనే ఉందనుకున్నాను. టైర్లలో గాలి పెంచాను. అలైన్‌మెంట్ చేయించాను. ర్యాక్ రెండుసార్లు విప్పి గ్రీజు పెట్టాను. కుడికి తిప్పితే బాగానే ఉంది, ఎడమకే బరువు. ఎడమకు తిప్పాలంటే కుడి చెయ్యి పైకి లేవాలని నాకు తట్టలేదు. ఆ వైపు టై రాడ్ ఎండ్ మార్చాను, బుష్ మార్చాను. మార్చకుండా మిగిలింది నేనొక్కణ్ణే.

రెండు నెలలు గడిచాయి. చొక్కా తొడుక్కోవడం కుస్తీ అయింది. కుడి వైపు ఒత్తిగిలి పడుకోలేకపోయాను. పని అలసట అనుకున్నాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు నొప్పిగా ఉందని తాళాలు కరుణకిచ్చాను. ఆమెకు డ్రైవింగ్ వచ్చు. అదే మలుపు వచ్చింది. ఒక్క క్షణం కూడా ఆగకుండా ఎడమకు తిప్పేసింది.

"ఇదేందయ్యా, నీళ్లల్లో తెడ్డేసినట్టు తిరుగుతా ఉండాది! బరువు బరువని రెండు నెల్ల నించి దాన్ని కోసి పోగులు పెడ్తుండావే!"

ఆమె కారు పక్కకు ఆపి నా వైపు తిరిగింది.

"చర్చిలో పాట పాడేటప్పుడు అందరూ రెండు చేతులెత్తుతారు. నువ్వు ఎడమది ఒకటే ఎత్తుతుండావు. సగం భక్తి గాబోలనుకున్నా. ఏదీ, ఇప్పుడు రెండూ ఎత్తు."

ఎత్తాను. ఎడమ చెయ్యి కారు కప్పుకు తగిలింది. కుడి చెయ్యి భుజం దాకా వచ్చి, ఇక్కడికే టికెట్ తీసుకున్నట్టు ఆగిపోయింది. కరుణ నవ్వలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

నెల్లూరులో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూశారు. "ఎముకల్లో ఏమీ లేదు. ఇది ఫ్రోజెన్ షోల్డర్. కీలు చుట్టూ క్యాప్సూల్ అని ఒక సంచి ఉంటుంది. అది బిగుసుకుపోయింది" అన్నారు.

"గ్రీజు పెడితే వదుల్తుందా సార్?"

"సుగర్ టెస్ట్ ఎప్పుడైనా చేయించావా?"

"టీలో మా ఆమె సరిపోనే ఏస్తది సార్."

మూడు నెలల సుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ రిపోర్టు వచ్చాక నా జోకులు అయిపోయాయి. సుగర్ చాలా కాలంగా నాలో కాపురం ఉంటోందట. సుగర్ ఉన్నవాళ్లకు భుజం ఇలా బిగుసుకోవడం ఎక్కువని చెప్పారు. కారు కింద పడుకుని పైకి చెయ్యి చాచితేనే నాకు పని. ఇంకో పని రాదు. "ఈ చెయ్యి మళ్లా లేస్తదా సార్?" అని అడిగాను.

"లేస్తుంది. కానీ ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. తొందరపడితే వెనక్కి పోతావు."

సుగర్ మాత్రలు మొదలయ్యాయి. భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. దాంతో కొన్నాళ్లు సుగర్ పెరిగింది, నొప్పి మాత్రం తగ్గింది. నొప్పి పోతే జబ్బు పోయినట్టేనని నేను తీర్మానించాను. రొయ్యల మేత వ్యాను నడిపే నా స్నేహితుడు మస్తాను షెడ్డుకొస్తే, వాడికి చూపించాలని నిలబడి ఉన్న కారులో కూర్చుని స్టీరింగ్ ఒక్క ఊపున ఎడమ చివరకు లాగాను. మామూలు స్టీరింగ్ కారు కదలనప్పుడే ఎక్కువ బరువు. ఆ సంగతి ఊరందరికీ చెప్పేవాణ్ణి నేనే. భుజంలో నిప్పు పడింది.

"పవరు మళ్లా బిగించుకోరా సామీ" అన్నాడు మస్తాను.

"కారుకా, నాకా?" అన్నాను, కళ్లలో నీళ్లతో.

పది రోజులు చెయ్యి కదల్లేదు. డాక్టరు తిట్టి ఫిజియోథెరపీకి పంపారు. అక్కడి మేడం వేళ్లతో గోడ ఎక్కించేది, కప్పీ మీద తాడు లాగించేది. ఇంటికొస్తే నేను చేసేవాణ్ణి కాదు. గోడను చూస్తుంటే నిద్రొచ్చేది. ఒకరోజు మేడంను అడిగాను: కారు ముందు భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద పెడితే చక్రాలు గాలిలో ఉంటాయి, స్టీరింగ్ దూదిలా తిరుగుతుంది, గోడ బదులు అది తిప్పవచ్చా అని.

ఆమె నా భుజం ఒకసారి తిప్పి చూసింది. "నెమ్మదిగా తిప్పితే సరే. నొప్పి మొదలైన చోట ఆగాలి. ఆ గీత దాటితే నా దగ్గరకు రావద్దు."

రోజూ పొద్దున్నే షెడ్డు ముందు ఆ ఎక్కడికీ పోని కారులో కూర్చునేవాణ్ణి. సరుగుడు తోపులోంచి గాలి వచ్చేది. దూరంగా సముద్రం ఊపిరి తీస్తున్నట్టు వినబడేది. కళ్లు సగం మూసి స్టీరింగ్ తిప్పేవాణ్ణి. స్టీరింగ్‌ను గడియారమనుకుంటే, మూడు ఉండే చోట కుడి చెయ్యి మొదలయ్యేది. రెండు దాకా పోయి ఆగేది. చక్రాలు గాలిని తాకుతూ అటూ ఇటూ తిరిగేవి. రోడ్డు లేదు కాబట్టి నాకిష్టమైన రోడ్డు వేసుకునేవాణ్ణి. ఒక్కోసారి అలల మీద పోయేవాణ్ణి. చెయ్యి నాదో, నీళ్లదో తెలిసేది కాదు.

కరుణ టీ తెచ్చేది, చక్కెర లేకుండా. "యాడిదాకా పోయినావయ్యా ఇయ్యాల?"

"మనుబోలు దాటినా."

"వచ్చేటప్పుడు కూరగాయలు తేపో."

నెలలు పోయాయి. ఒంటిగంట దగ్గర చాలా రోజులు ఇరుక్కున్నాను. ఇంతేనేమో అనుకుని ఒక వారం కారెక్కడమే మానేశాను. కరుణ మాత్రం టీ గ్లాసు తెచ్చి కారు సీటులో పెట్టి వెళ్లిపోయేది. టీ కావాలంటే ఎక్కక తప్పలేదు. వానలు పడే రోజుల్లో ఒక ఉదయం కళ్లు తెరిచి చూస్తే నా చెయ్యి పన్నెండు మీద ఉంది. అది అక్కడికి ఎప్పుడు చేరిందో నాకు తెలియదు.

ఇప్పుడు కారు నేల మీదుంది. పవర్ మళ్లీ పెట్టలేదు. కారు కదులుతున్నప్పుడే తిప్పుతాను, ఆగి ఉన్నప్పుడు తిప్పను. సుగర్ మాత్రలు, పొద్దున్నే నడక సాగుతున్నాయి. కుడి చెయ్యి వీపు వెనక్కి ఇంకా పూర్తిగా పోదు. అయినా కారు కింద పడుకుని పైనున్న నట్టు విప్పుతున్నాను.

చదువుతున్నవాళ్లకు నా మాట ఒక్కటే. రోజూ వాడే వస్తువు ఉన్నట్టుండి బరువెక్కితే, దాన్ని విప్పేముందు ఇంట్లో ఇంకొకరి చేతికివ్వండి. వాళ్లకు తేలిగ్గా ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరకు పొండి, సుగర్ కూడా చూపించుకోండి.