మామ తిప్పిన కరెంటు

పూడిమడక దగ్గర దిబ్బ మీది కాపలా చౌకీకి నేను చేరింది మబ్బు పట్టిన ఓ పొద్దున. జల్లు, తూర్పు గాలి. తాటాకు కప్పు, చుట్టూ ఇసుక బస్తాలు, లోపల ఒక వైర్‌లెస్ సెట్టు. యుద్ధం మా తీరం దాకా వచ్చిన ఏడాది అది. సముద్రం మీద ఏం కనిపించినా విశాఖకు చెప్పడం మా పని. మాది కశింకోట. ఇంటికి ఇంత దగ్గర్లో డ్యూటీ పడిందని తెగ సంబరపడ్డాను.

ఇంజను పెడితే చప్పుడు దూరం పోతుందని సెట్టుకు కరెంటు కోసం మాకు చేతి జనరేటరు ఇచ్చారు. రెండు పిడులు పట్టుకుని తిప్పాలి. లోపల అయస్కాంతాల మధ్య రాగితీగ చుట్ట తిరిగితే కరెంటు పుడుతుంది. తిప్పే సిపాయికి మలేరియా తగలడంతో ఊళ్లోని ఒక జాలరిని పెట్టుకున్నాం. మామా అని పిలిచేవాణ్ణి.

మామ పనిలో చేరిన రోజే తుఫాను ముంచుకొచ్చింది. వేటకు వెళ్లిన పడవలు తిరిగి రాలేదు. ఒకదాంట్లో మామ తమ్ముడున్నాడు.

“హార్బరు నుంచి లాంచీ పంపమని అడుగు,” అన్నాడు మా చౌకీ హవల్దారు.

సెట్టు ముందు కూర్చుని మోర్సు మీట కొట్టాను. జవాబు: ‘అందలేదు. మళ్లీ పంపు.’ పంపాను. మళ్లీ అదే. తిరిగి చూస్తే, నేను మీట నొక్కగానే మామ చేతులు నెమ్మదిస్తున్నాయి.

“ఏటి మామా, ఆపేత్తన్నావు?”

“బరువెక్కుతోంది బాబూ. వల బరువెక్కినప్పుడు గట్టిగా లాగితే తెగిపోద్ది కదా. అందుకే వదులు సేత్తన్నాను.”

సముద్రం నేర్పిన పని అది.

“ఇది తెగదు మామా. మనం కరెంటు వాడుకుంటే అది ఎదురు తోత్తాది. బరువుంటేనే మన మాట ఎల్తన్నట్టు. అప్పుడే గట్టిగా తిప్పాల.”

ఇక తిప్పాడు చూడండి, మెడనరాలు పొంగేలా. సందేశం అందింది. జవాబు వచ్చింది: ‘ఆలస్యమైంది. ఈ గాలికి ఇప్పుడు లాంచీ కదలదు.’

లాంచీ రాదని మాత్రమే మామకు చెప్పాను. ఆలస్యమన్న మాట చెప్పలేదు. ఎలా చెప్పను?

“సెట్టు ఆపు. ఊరికే పంపితే శత్రువు పసిగడతాడు,” అన్నాడు హవల్దారు. మీట మీంచి చేయి తీశాను. మామ ఆపలేదు. పిడులు తేలిగ్గా గిర్రున తిరుగుతున్నాయి.

“బరువు నేదు బాబూ. మాట ఎల్లడం నేదు. నొక్కు బాబూ, నొక్కు.”

పడవలు రాలేదు.

యుద్ధం ముగిసి ఇంటికొచ్చాను. ఏళ్లకు మా ఊరికి కరెంటొచ్చింది. స్విచ్చి మీద వేలు పెడితే చాలు, వెలుగు. చేతికి ఏ బరువూ తగలదు. నాకు మాత్రం నొక్కిన ప్రతిసారీ మామ కనిపిస్తాడు. జల్లుకు తడుస్తూ, సముద్రం కేసి చూస్తూ, ఉత్త పిడులు తిప్పుతూనే ఉంటాడు.