నాలుగో గడిలో పేరు

మా ల్యాబ్‌లో ఏ ప్రయోగం మొదలుపెట్టాలన్నా ముందు ఒక కాగితం నింపాలి. ఏ రసాయనాలు వాడుతున్నాం, అవి కలిస్తే ఏం జరగొచ్చు, జరిగితే ఏం చేయాలి అని అందులో గడులుంటాయి. నాలుగో గడిలో ప్రశ్న ఇది: "విషవాయువు బయటికి వస్తే ఎలా తెలుస్తుంది?" అక్కడ ఏదో ఒక మీటరు పేరు ఉండాలి. మా దగ్గర మాత్రం పద్దెనిమిదేళ్లపాటు ఆ గడిలో ఒక మనిషి పేరు రాశారు. మునినారాయణప్ప.

నవ్వొస్తే నవ్వండి. చేరిన కొత్తలో నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆరేళ్లపాటు నా చేత్తో నేనే ఆ పేరు రాశాను.

మా ల్యాబ్ పీణ్య పారిశ్రామికవాడలో ఒక లేత్ వర్క్‌షాపు మీద రెండో అంతస్తు. చుట్టుపక్కల ఇనుప సామానుకి నికెల్ పూత, క్రోమియం పూత వేసే షాపుల నుంచి మురికినీళ్లు క్యాన్లలో మా దగ్గరికి వస్తాయి. అందులో ఏ లోహం ఎంత ఉందో, దాన్ని ఎలా తీసేయాలో చెప్పడం మా పని. మునినారాయణప్ప అక్కడ అటెండరు. హొసకోట దగ్గర పల్లెవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. వయసులో ఉండగా ఒక పూత షాపులో యాసిడ్ తొట్ల దగ్గర పనిచేసి, వేలిగోళ్లు పసుపు రంగుకి తిరిగాక మా దగ్గర చేరాడు.

అతని ముక్కు మా వీధిలో పేరున్న ముక్కు. క్యాను ఇంకా మెట్ల మీద ఉండగానే, "ఇది మూలమీద షాపోళ్లది. పొద్దున్నే యాసిడ్ తొట్టి కడిగినారప్పా" అనేవాడు. నేను చేరకముందు ఒకసారి ఉన్నట్టుండి అందరినీ కిందికి తరిమాడట. అరగంట తర్వాత చూస్తే బీరువా వెనక యాసిడ్ సీసా పగిలి ఉందట. ఇక అప్పటినుంచి అతను ఊఁ అంటే ఊఁ, ఊహూఁ అంటే ఊహూఁ. ఇంతమంది డిగ్రీలు చదివినవాళ్లం, ఒక అటెండరు ముక్కు మీద ప్రాణాలు పెట్టి హాయిగా టీలు తాగాం.

మొన్న జూలైలో ఒక బుధవారం పొద్దున నేను మెట్లెక్కుతుంటేనే గ్యాసు వాసన కొట్టింది. ల్యాబ్ గ్యాసు కాదు, వంట గ్యాసు. పరుగున పైకి వెళ్లాను. టీ కాచుకునే గదిలో నారాయణప్ప స్టవ్ ముందు నిలబడి అగ్గిపుల్ల తీస్తున్నాడు. నేను అరిచిన అరుపుకి అగ్గిపెట్టె కింద పడింది. స్టవ్ కట్టేసి, అతన్ని చెయ్యి పట్టి బయటికి లాగాను. జరిగిందేమిటంటే, స్టవ్ తిప్పాక మొదటి అగ్గిపెట్టె చెమ్మగా ఉందని ఇంకొకటి వెతకడానికి పోయాడు. తిప్పిన సంగతి మరిచాడు.

మరుపు ఎవరికైనా ఉంటుంది. కానీ ఆ గదిలో ఊపిరాడడం లేదు, అతను నా మొహంలోకి చూసి, "ఏమాయమ్మా?" అన్నాడు.

మెట్ల మీద కూర్చోబెట్టి అడిగాను. "నారాయణప్పా, మీకు వాసన తెలియడం లేదా?"

"రెండేండ్లాయ. జొరమొచ్చినప్పుడు పోయింది, మళ్లా రాలే."

"మరి ఇన్నాళ్లూ ఎలా చెప్పారు?"

"మీ మొగాలు సూసేవాణ్ణి. వాసనొస్తే ముందు మీకే కనుబొమలు ముడుచుకుంటాయి కదమ్మా. ఆమీదనే నన్ను పిలుస్తారు. మీ మొగాన్ని బట్టి ఉండాది అంటా, లేదంటా."

మేం అతని ముక్కుని నమ్ముకున్నాం, అతను మా మొహాల్ని నమ్ముకున్నాడు. అంటే రెండేళ్లుగా అక్కడ కాపలా ఎవరూ లేరు.

"ఎవురికీ చెప్పొద్దమ్మా" అని నా చెయ్యి పట్టుకున్నాడు. అతని భార్య పిల్లమ్మకి కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్. అదంతా అతని ఈఎస్ఐ కార్డు మీదే నడుస్తోంది. "రిటైరయ్యేకి ఏడాదిన్నర ఉండాది. అంతవరకూ ఉంటే రిటైరైనా కార్డు నిలుస్తాది. నడిమిట్లో తీసేస్తే కార్డు పాయ, పిల్లమ్మా పాయ. సుమ్నె ఉండిపోమ్మా, నోరెత్తొద్దు, నీకు పుణ్యముంటాది."

చెప్పనని మాటిచ్చాను. ఆ రోజు నిజంగానే ఇచ్చాను.

శుక్రవారం కొత్త పని వచ్చింది. పూత నీళ్లలోని లోహాన్ని సల్ఫైడుతో అడుక్కి దింపే ప్రయోగం. యాసిడ్ మోతాదు ఎక్కువైతే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన గుడ్ల కంపు. దాని గుణం ఏమిటంటే, కొంచెం ఉంటే కంపు కొడుతుంది, ఎక్కువైతే ముందు ముక్కునే చంపేస్తుంది. వాసన పోయిందని మనిషి స్థిమితపడతాడు, ఆ తర్వాత మనిషే పోతాడు.

ఒళ్లు దగ్గర పెట్టుకుని ప్లాను రాశాను. గ్లాసెడు నీళ్లతోనే మొదలుపెట్టాలి, యాసిడ్‌ని దగ్గరికి రానివ్వకూడదు, పొగలు లాగే ఫ్యాను ముందు కాగితం ముక్క కట్టి అది లోపలికి ఊగుతుంటేనే పని చేయాలి, ఒంటరిగా ఎవరూ ఉండకూడదు. నాలుగో గడిలో రాశాను: "గ్యాసు మీటరు లేకుండా మొదలుపెట్టరాదు." నారాయణప్ప పేరెత్తలేదు.

మా మేనేజరు భుజంగరావు గారు చెడ్డవారు కారు. సేఫ్టీ వీక్ వస్తే అందరికంటే ముందు బ్యాడ్జీ పెట్టుకునే మనిషి. "మేడమ్, మీటర్ నెక్స్ట్ క్వార్టర్‌లో చూద్దాం. మండే క్లయింట్ విజిట్ ఉంది. నారాయణప్ప ఉన్నాడుగా, అంత ఎక్స్‌పీరియెన్స్ ఏ మెషీన్‌కుంటుంది చెప్పండి?" ఏ మనిషి ముక్కూ ఈ గ్యాసుకి పనికిరాదని అరగంట చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నా వాక్యం కొట్టేసి, ఎప్పటిలా పేరు రాసి, సంతకం పెట్టేశారు.

శని, ఆదివారాలు నాకు ఇదే ఆలోచన. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే సోమవారం నలుగురం లేని ముక్కుని నమ్ముకుని నిలబడాలి. చెబితే పిల్లమ్మ కార్డు పోతుంది. చివరికి నాకు నేనే ఒక దారి చెప్పుకున్నాను. నిజం తెలిస్తే భుజంగరావు గారికి తప్పించుకునే వీలుండదు, మీటరు కొనక తప్పదు, నారాయణప్పని స్టోర్స్‌లో కూర్చోబెడతారు. ఉత్తరం రాశాను. మెట్ల దగ్గరే నాకు గ్యాసు వాసన రావడం, పక్కనే ఉన్న అతనికి తెలియకపోవడం, అన్నీ రాశాను. మీటరు సంగతి ఒకసారి, స్టోర్స్ సంగతి రెండుసార్లు రాశాను.

సోమవారం పొద్దున భుజంగరావు గారు చదివి "అయ్యో పాపం" అన్నారు. నిజంగానే బాధపడ్డారు. పదకొండింటికి నారాయణప్పని పిలిచి, నా ఉత్తరం చదివి వినిపించి, ఆరోగ్యం బాగాలేదని పనిలోంచి తీసేశారు.

అతను గూట్లోంచి స్టీలు గ్లాసు, తువ్వాలు తీసుకుని బయల్దేరాడు. తిడతాడనుకుని మెట్ల దాకా వెంట వెళ్లాను. తిట్టినా బాగుండేది.

"మీటరు వచ్చెనామ్మా?" అన్నాడు.

"లేదు."

రెండేళ్లుగా చూసినట్టే నా మొహంలోకి చూశాడు. "అయితే నా కొలువు వట్టినే పాయ" అన్నాడు. కింది మెట్టు దగ్గర ఆగి, "పిల్లమ్మకి ఏం జెప్పేది?" అని వెళ్లిపోయాడు.

పైకి వచ్చేసరికి ప్లాను కాగితం నా బల్ల మీద ఉంది. నాలుగో గడిలో నారాయణప్ప పేరు కొట్టేసి, దాని మీద నీలం సిరాతో రాసి ఉంది: బాలాత్రిపురసుందరి. అది నా పేరు.

"మీ నోస్ షార్ప్ అని మీ లెటర్‌లోనే ఉంది కదా మేడమ్" అన్నారు భుజంగరావు గారు, మెచ్చుకోలుగానే. "స్టెయిర్స్ దగ్గరే పట్టేశారు!"

ఆ కాగితం చింపి ఆయన మొహాన కొట్టాల్సింది. బెళ్ళందూరులో మా ఆయన ఉద్యోగం పోయి ఐదు నెలలైంది. సంతకం పెట్టాను.

ఆ సోమవారం ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టే మీటరు ఇప్పటికీ రాలేదు. నారాయణప్ప కె.ఆర్.పురంలో ఒక అపార్టుమెంటు గేటు దగ్గర కూర్చుంటున్నాడని, కార్డు లేదని, పిల్లమ్మ డయాలసిస్‌కి వారానికి ఒక్కసారే వెళ్తోందని విన్నాను. వెళ్లి చూడలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

రోజూ పొద్దున లేవగానే కాఫీపొడి డబ్బా మూత తీసి వాసన చూస్తాను. వస్తే చీర మార్చుకుని ల్యాబ్‌కి బయల్దేరతాను. రాని రోజున ఏం చేస్తానో కూడా నాకు తెలుసు. ఎవరికీ చెప్పను.